ఆత్రేయ పాటని ముందు పెట్టుకుని మన పాట మనం రాసుకోవడం ఎట్టా

పాటలు రాయాలని, బాణీలు కట్టాలని తిరిగే పిల్లకాయలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, ఫలానా ఆయన పాటలంటే నాకు ప్రాణం, ఆయన్ని వింటేనే నాకు రాయబుద్ధవుద్ది, కానీ రాసినాక చూస్తే అంతా ఆయనదే కనిపిస్తా ఉంది, ఏం చెయ్యాలి?" అని. ఇది నాకూ జరిగింది, అందుకే కాస్త వివరంగా రాస్తుండా. మాది కావలి వైపు, మేం నలుగురం కలిసి తిరునాళ్ళలో, పెళ్ళిళ్ళలో పాడతాం, అందులో మా సొంత పాటలు కూడా రెండు మూడు ఉంటాయి. కొన్నేళ్ళ కింద ఒక తిరునాళ్ళలో నేను రాసిన పాట పాడాం, జనం చప్పట్లు కొట్టారు, నేను పొంగిపోయా. స్టేజీ దిగంగానే, పౌరాణిక నాటకాలకి ఏళ్ళ తరబడి హార్మోనియం వాయించిన ఒక పెద్ద మేష్టారు దగ్గరికి పిలిచి, "అబ్బయా, ఆత్రేయ పాటకి కొత్త చొక్కా తొడిగావే, లోపల మనిషి ఆయనే" అన్నారు. రెండు రోజులు నాకు అన్నం సయించలా. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, నేను కావాలని చెయ్యలా, అయినా అట్టా వచ్చేసింది. ఆ తర్వాత ఆయన కాడే కూర్చుని నేర్చుకున్న పద్ధతి ఇది.

మొట్టమొదట ఒక్క మనిషిని పట్టుకోండి. ఆ మనిషివి పది పాటలొద్దు, ఒక్క పాట. మనందరికీ ఫోన్లో వేల పాటలున్నాయి, అన్నీ కలిపి వింటా ఉంటే అన్నిట్లోంచి కొంచెం కొంచెం అంటుకుంటది గానీ ఏదీ లోపలికి దిగదు. నేను పట్టుకుంది ఆచార్య ఆత్రేయని. అసలు పేరు కిళాంబి వేంకట నరసింహాచార్యులు, 1921లో పుట్టింది మన ఉమ్మడి నెల్లూరు జిల్లా సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో. సినిమాలకి రాకముందు నాటకాలు రాశాడు, ఆయన పాటల్లో మాట అంత సూటిగా ఉండడానికి ఆ నాటకాలే కారణమని నా నమ్మకం. స్టేజీ మీద మనిషి మాట్లాడే మాట చివర బెంచీలో కూర్చున్నోడికి కూడా ఒక్కసారికే అర్థం కావాల గదా. మీరు మీకిష్టమైన వాళ్ళని తీసుకోండి, అన్నమయ్యైనా, వేటూరైనా, మీ ఊరి కోలాటం పాటలు కట్టిన పేరు తెలియని తాతైనా సరే. మనోడైతే ఒక లాభం ఉంది, ఆయన వాడిన మాటలు మన ఇంట్లో కూడా వినిపిస్తా ఉంటాయి.

నేను తీసుకున్న పాట "మౌనమే నీ భాష ఓ మూగ మనసా". 1979లో వచ్చిన గుప్పెడు మనసులోది, ఎం.ఎస్.విశ్వనాథన్ సంగీతం, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పాడారు. మీరు కూడా ఒక పాట ఎంచుకుని ముందు దాన్ని వినడం ఆపేయండి. వింతగా అనిపిస్తది గానీ నిజంగా ఆపేయండి. సాహిత్యం మొత్తం చేత్తో నోట్‌బుక్‌లో రాసుకోండి, టైప్ చెయ్యొద్దు, ఫోటో తియ్యొద్దు. రాసినాక బాణీ లేకుండా ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు మామూలుగా చదవండి. బాణీ ఉన్నంతసేపు మనకి మాటలు కనపడవు, రాగం మీద తేలిపోతా ఉంటాం. ఉత్త మాటగా చదివినప్పుడే ఆయన ఏం చేశాడో తెలుస్తది. నేను చదివినప్పుడు మొదట తగిలింది ఏందంటే, ఇందులో నేను నిఘంటువు తీసి వెతకాల్సిన మాట ఒక్కటి కూడా లేదు. రెండోది, ఆయన మనసు గురించి చెప్పడంలా, మనసుతోనే మాట్లాడుతున్నాడు, "నీ" అంటున్నాడు. మనసుని ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

ఇంకోటి ఉంది, దాని మీద నేను వారం గడిపా. పాటలో కలలు, కల్లలు అని రెండు మాటలు వెంటవెంటనే వస్తాయి. కలకీ కల్లకీ తేడా ఒక్క ల ఒత్తు. అంతే, ఒక్క ఒత్తు పడంగానే కల కాస్తా అబద్ధం అయిపోయింది, పాటలో ఉన్న బాధంతా ఆ ఒత్తులోనే ఉంది. ఇది ప్రాస కోసం చేసిన పని కాదు. అర్థం ఎక్కడ విరిగిందో శబ్దం కూడా సరిగ్గా ఆడే విరిగింది. ఇట్టాంటిది దొరికినప్పుడు ఎర్ర పెన్నుతో గీత గీసి, పక్కన ఇది ఎందుకు పనిచేస్తా ఉందో మీ మాటల్లో రాయండి. "బాగుంది" అని మాత్రం రాయొద్దు, దాంతో మీకు ఉపయోగం లేదు.

ఇప్పుడు మాత్రల లెక్క, అంటే ఒక్కో అక్షరం పలకడానికి ఎంతసేపు పడుద్దో కొలిచేది. సంగీతం వచ్చినోళ్ళకి ఇది తెలిసిందే, రానోళ్ళ కోసం చెప్తా. పొట్టి అక్షరం 1 మాత్ర, దీర్ఘం 2, సున్న ఉన్న అక్షరం 2, ఒత్తు ఉన్న అక్షరానికి ముందున్న అక్షరం కూడా 2. ఈ లెక్కన మౌనమే అంటే 5, నీ భాష 5, ఓ మూగ 5, మనసా 4, ఆ చివర్ది పాడేటప్పుడు సాగుద్ది కాబట్టి ఇబ్బంది లేదు. అంటే ఈ లైను 5 మాత్రల నడకలో ఉంది, దీన్ని ఖండగతి అంటారు, తకతకిట తకతకిట అని చేత్తో తొడ మీద కొట్టుకుంటా చదవండి. 3 అయితే తకిట, తిశ్రగతి. 4 అయితే తకధిమి, చతురశ్రం. 7 అయితే తకిట తకధిమి, మిశ్రం. నేను చెప్పేది కాగితం మీద మాట నడక గురించే, పాడేటప్పుడు సంగీత దర్శకుడు దాన్ని వేరే తాళంలో కూర్చోబెట్టొచ్చు. ఖండగతిలో ఒక విషయం ఉంది, అది సాఫీగా పోదు, నడిచే మనిషి ప్రతి రెండో అడుగుకీ కాస్త ఆగినట్టు ఉంటది. మూగబోయిన మనసుకి ఆ నడక ఎట్టా సరిపోయిందో చూడండి.

బాణీ గురించి కూడా చెప్పాల గదా. మాటలు పక్కనపెట్టి ఉత్త ఆ-కారంలో పల్లవి పాడుకోండి, కీబోర్డో హార్మోనియమో ఉంటే ఒక్క వేలుతో వాయించండి. ఏ స్వరం మీద మొదలైంది, ఎక్కడికి ఎక్కింది, ఎక్కడ వాలింది, అన్నిటికన్నా బరువున్న మాట ఏ స్వరం మీద పడింది, ఈ నాలుగు రాసుకుంటే చాలు. రాగం పేరు తెలియకపోయినా పర్లేదు. ఇక్కడ కనుక్కోవాల్సింది ఇంకోటి ఉంది, మాట ముందు వచ్చిందా, బాణీ ముందు వచ్చిందా అని. కె.వి.మహదేవన్ గారు పాట రాసి ఇచ్చినాకే దానికి బాణీ కట్టేవాళ్ళని అందరికీ తెలిసిందే, ఆత్రేయ పాటలు ఆయన దగ్గర చాలా అట్టానే తయారయ్యాయి. అట్టాంటి పాట అయితే మాట నడకలోంచి బాణీ ఎట్టా పుట్టిందో నేర్చుకోవచ్చు. బాణీ ముందు కట్టేసిన పాట అయితే, ఇరుకు సందులో మాటల్ని ఎట్టా ఇమిడ్చాడో నేర్చుకోవాల. రెండూ వేరే వేరే విద్యలు, కలిపి చూస్తే గందరగోళం అవుద్ది.

ఇక అసలు పని. నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి, ఆ పాటలో ఆయన తీసుకున్న నిర్ణయం ఏందో ఒక్క వాక్యంలో రాయండి. భావం కాదు, కథ కాదు, నిర్ణయం. నేను రాసుకుంది ఇది: "కనపడని దాన్ని మనిషిలాగా ఎదురుగా కూర్చోబెట్టి, ఇంట్లో వాడే మాటలతో నిలదీశాడు, ఒక్క అక్షరం మారిస్తే అర్థం తిరగబడే మాటల జత వాడాడు." మనం ఆయన దగ్గర తీసుకోవాల్సింది ఈ వాక్యం మాత్రమే. మనసు అనే మాట ఆయనది, మౌనం ఆయనది, ఆ బాణీ విశ్వనాథన్ గారిది. ఈ వాక్యం మటుకు ఎవరైనా వాడుకోవచ్చు. నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే. ఆయన మాటలు తీసుకుని నిర్ణయం వదిలేశా, దానికి తలకిందులుగా చెయ్యాల.

ఆ వాక్యం రాసినాక నోట్‌బుక్ మూసి పక్కన పడేయండి, వారం పది రోజులు తెరవొద్దు. ఈలోపు మీ చుట్టూ ఏముందో చూడండి. మాకైతే కాసేపు బండి మీద పోతే సముద్రం, పల్లెపాళేలు, అంటే చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళు. ఒకప్పుడు పొద్దున్నే వలలు ఆరేసి ఉండే చోట ఇప్పుడు కొన్నిళ్ళకి తాళాలు కనిపిస్తాయి, కుర్రోళ్ళు చెన్నైకో ఇంకో రేవుకో పనికి పోయినారు. ఒకరోజు ఆడ నిలబడి ఉంటే వల, వలస అనే రెండు మాటలు పక్కపక్కన వచ్చాయి. కల, కల్ల లాగానే. ఒక్క "స" కలిసేసరికి బతుకుతెరువు కాస్తా ఊరు విడిచిపోవడం అయిపోయింది. నేను దీన్ని ఆత్రేయ పాటలోంచి ఎత్తుకురాలా, కానీ ఆయన పాటతో నెల రోజులు ఉండకపోతే నా చెవికి ఇది వినపడేదే కాదు. మేష్టారుతో చెప్తే, "అబ్బయా, ఇప్పుడు ఆయన నీకు చెవి ఇచ్చాడు, నోరు నీదే" అన్నారు.

మీరు కూడా ఇట్టాంటి జతలు ఒక పేజీ నిండా రాసుకోండి. ఒంగోలు వైపు వాళ్ళకి పొగాకు బేరన్లు, చీమకుర్తి రాయి ఉన్నాయి, ఉదయగిరి వైపు మెట్టపొలాలు, కరువు ఉన్నాయి, ఎవరి చోట ఉన్న మాటలు వాళ్ళు రాసుకోవాల. సముద్రం చూడనోడు వల గురించి రాయక్కర్లా.

తర్వాత మొదటి ముసాయిదా. ఇందులో కావాలనే పాత పాట నడకలోనే రాయండి. భజన పుస్తకాల్లో పాట పైన "ఫలానా పాట వరస" అని అచ్చేసి ఉంటది చూశారా, చెక్కభజన, కోలాటం వాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇది. ఇది సాధన వరకే, బయట పాడడానికి కాదు. నా లైను ఇట్టా వచ్చింది:

వల మడిచి నా ఊరు వలస పోయిందిరా

లెక్కేసుకోండి, 5, 5, 5, 5. నడక సరిగ్గా కూర్చుంది, నాకు భలే సంతోషమేసింది. కానీ పాడుతుంటే నోట్లో ఆ పాత పాట బాణీయే వస్తా ఉంది, ఎంత ఆపుకున్నా ఆగలా. నడక అదే అయితే నోరు పాత దారే పడుతుంది, దీన్ని తప్పించుకోవడం ఎవరి వల్లా కాదు. అందుకని రెండో ముసాయిదాలో నడక మార్చెయ్యాల. అదే మాట 3 మాత్రల్లోకి దించా:

వలను మడిచి పెట్టి ఊరు వలస పాయె

తకిట తకిట తకిట. ఒక్కసారిగా అది కోలాటం వరసలోకి వచ్చేసింది, చేతులు వాటంతట అవే ఆడతాయి, "పోయిందిరా" కాస్తా మా ఊరి "పాయె" అయింది, ఆ సినిమా పాట వాసన పోయింది. బాణీ కూడా వేరేది దానంతట అదే పుట్టింది. మీకు ఒక్కటే గట్టిగా చెప్పాలంటే ఇదే చెప్తా, మాటలు ఎన్ని మార్చినా నడక మార్చకపోతే పాట మీది కాదు. నడకతో పాటు ఇంకో రెండు మార్చండి. మాట్లాడేది ఎవరు, ఎవరితో అనేది ఒకటి, ఆయన మనసుతో మాట్లాడితే నా పాటలో ఒడ్డున మిగిలిపోయిన ముసలామె సముద్రంతో మాట్లాడుద్ది. రెండోది, ఆయనకి బాగా అలవాటైన మాటలు ఒక అయిదారు రాసుకుని, అవి మీ పాటలో ఎక్కడా రాకుండా చూసుకోండి.

ఈ పని కొత్తది కాదు, మన జిల్లాల్లోనే ఇంతకన్నా పెద్ద పాఠం ఉంది. భారతం తెలుగు చెయ్యడం 11వ శతాబ్దంలో నన్నయ మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. 13వ శతాబ్దంలో నెల్లూరులో తిక్కన దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి రాసుకుంటా పోయాడు. మధ్యలో మిగిలింది 14వ శతాబ్దంలో అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి ఎర్రన పూర్తి చేశాడు. నన్నయ రాసిన చివరి పద్యంలో ఉండేది శరత్కాలపు రాత్రులు, నక్షత్రాలు, వెన్నెల. ఎర్రన ఎత్తుకున్న మొదటి పద్యంలో అదే శరత్తులో తెల్లారుద్ది. ఆ రాత్రికి ఈయన పొద్దు పొడిపించాడు. నన్నయ ఆపిన చోటే, ఆయన ధోరణిలోనే మొదలుపెట్టి, పోను పోను తిక్కన వైపుకి నడిపించాడని మా తెలుగు అయ్యవారు చెప్పేవారు. పైగా ఆ భాగాన్ని నన్నయ రాసినట్టుగానే రాజరాజనరేంద్రుడికి అంకితం ఇచ్చాడు. నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తది.

దీంట్లోంచి పాటకి పనికొచ్చే ఒక పద్ధతి కూడా దొరుకుద్ది. మీకిష్టమైన పాట ఎక్కడ ఆగిందో చూడండి, ఆ తర్వాత ఏం జరిగి ఉంటదో అక్కడినుంచి మీ పాట ఎత్తుకోండి. ఆయన రాత్రి రాస్తే మీరు తెల్లవారుజాము రాయండి. ఆయన ఉత్తరం రాస్తే మీరు జవాబు రాయండి. నడక మారుద్ది, గొంతు మారుద్ది, అయినా తెలిసినోళ్ళకి ఆ చుట్టరికం తెలుస్తది.

పేరు చెప్పుకోవడం గురించి కూడా ఒక మాట. కొంతమంది ఫలానా ఆయన పాట విని ఇది రాశానంటే మనల్ని తక్కువ చేస్తారని దాచిపెడతారు. త్యాగరాజస్వామి కన్నా ఎక్కువోళ్ళమా మనం? ఆయన ఇంటిపేరు కాకర్ల, ఆ కాకర్ల మన పాత ప్రకాశం జిల్లాలో కంభం దగ్గర ఊరేనని, వాళ్ళ పెద్దోళ్ళు ఆడినుంచే తమిళదేశం పోయినారని చెప్తారు. ఆ త్యాగయ్య తన దేవగాంధారి కీర్తన "క్షీరసాగర శయన"లో రామదాసు చెర విడిపించిన సంగతి విన్నానని పేరు పెట్టి రాముడితో అన్నాడు. తనకంటే ముందు రాముడి మీద పాడినోణ్ణి పాటలోనే తలుచుకున్నాడు. అయినా వాళ్ళిద్దరి పాటలు ఒకటి కావు, రామదాసు రాముణ్ణి తిట్టే తిట్టు వేరు, త్యాగయ్య అలిగే అలక వేరు. కాబట్టి స్టేజీ మీద పాడేముందు, యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు కింద, "ఈ పాటకి ప్రేరణ ఫలానా పాట" అని రాసేయండి.

చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉండాల, క్లుప్తంగా చెప్తా. మన దేశంలో పాట సాహిత్యానికీ బాణీకీ, రాసినోళ్ళు కట్టినోళ్ళు చనిపోయిన తర్వాత 60 ఏళ్ళ వరకు హక్కులు ఉంటాయి. ఆత్రేయ 1989లో పోయారు, అంటే ఆయన సాహిత్యానికి 2049 చివరి దాకా ఉన్నట్టే. బాణీ లెక్క వేరు, రికార్డింగ్ లెక్క వేరు. నాలుగు సెకన్లు వాడితే తప్పులేదు, ఏడు స్వరాలు దాటకపోతే ఏం కాదు అని చెప్పుకునేవి ఒట్టి మాటలు, చట్టంలో అట్టాంటి కొలత ఏదీ లేదు. అన్నమయ్యవి పాతవి గదా అనుకుని చాలామంది పొరబడతారు. సాహిత్యం అందరిదీ, నిజమే, కానీ తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద రాగం పేరు ఉందిగానీ స్వరం లేదు, మనం ఇవాళ పాడే బాణీల్లో చాలా వరకు 20వ శతాబ్దంలో విద్వాంసులు కట్టినవే, వాటికి వాళ్ళ హక్కు వాళ్ళకుంటది. ఆ రేకు మీదున్న రాగం తీసుకుని మీరే కొత్తగా కట్టుకుంటే అది మీది. నిజానికి సంగీతం వైపు మొగ్గున్నోళ్ళకి ఇంతకన్నా మంచి సాధన లేదు, మాట 500 ఏళ్ళ కిందటిది, రాగం పేరు ఉంది, మిగిలినదంతా ఖాళీ.

ఇదంతా ఎంతకాలం పడుద్ది అంటే, నాకు ఈ ఒక్క పాటకి మూడు నెలలు పట్టింది. ఆత్రేయ రాయక నిర్మాతల్నీ, రాసి ప్రేక్షకుల్నీ ఏడిపిస్తాడని సినిమావాళ్ళు అనేవాళ్ళట, అంత తేలిక మాటలు రాసినాయనకే అంతసేపు పట్టేదంటే మనం కంగారు పడాల్సిన పనేముంది.

పాట అయినాక వినిపించడానికి మీ వయసోళ్ళ దగ్గరికి పోవద్దు. పాత పాటలు బాగా తెలిసిన పెద్దోళ్ళ దగ్గరికి పోండి, ఏ పాటలోంచి ఏం వచ్చిందో వాళ్ళకి పట్టేసే చెవి ఉంటది. నేను ఆ మేష్టారు ఇంటికే పోయా. అరుగు మీద కూర్చుని రెండుసార్లు పాడించుకున్నారు, మొదటిసారి కళ్ళు మూసుకుని, రెండోసారి తొడ మీద తాళం వేస్తా. రెండో చరణం కాడ చెయ్యి ఆపి, "మనసు ఒకటి ఒడ్డునుంది" అనే లైను మళ్ళీ పాడమన్నారు. పాడా. "ఈ మనసు నీది కాదబ్బయా, ఆయన దగ్గరినుంచి వచ్చిందే. ముసలామె ఒడ్డున నిలబడి చూస్తే ఆమెకి కనపడేదేంది?" అన్నారు.

ఇంటికొచ్చి నోట్‌బుక్ తీసి మనసు కొట్టేసి పైన పడవ అని రాశా. మూడు మాత్రలే, సరిపోయింది.

పడవ ఒకటి ఒడ్డునుంది.